ముందు తలుపు నుంచి వెనక తలుపుకు ఒక అర్జీ

బెంగళూరులో బొమ్మనహళ్ళి నుంచి మెజెస్టిక్ వెళ్ళేవాళ్ళు ఉదయం ఎనిమిదిన్నరలోపే బస్సెక్కడం మంచిది. తొమ్మిది దాటితే మడివాళలోనే అరగంట పోతుంది. ఆడవాళ్ళకు ముందు తలుపు, మగవాళ్ళకు వెనక తలుపు. నేను గార్మెంట్స్‌లో దారాలు కత్తిరించే రోజుల్లో, 2000 దాటిన కొత్తలో, ఒక సోమవారం సెలవు పెట్టి ఈ ప్రయాణం చేశాను.

వెళ్ళింది ఒక తాళంచెవి కోసం. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండేళ్ళకు. పద్నాలుగు మంది ఆడవాళ్ళం పని దిగాక ఒక కిరాణా కొట్టు వరండాలో చదువుకునేవాళ్ళం. కొట్టు పెద్దది చేస్తున్నామని, నెలాఖరుకు వరండా ఖాళీ చేయమన్నారు. ఇంకోచోటు దొరక్కపోతే చదువు అంతటితో ఆఖరు. పక్కనే సర్కారు కట్టించిన కొత్త హాలు ఏడాదిగా తాళం వేసి ఉంది. అది రెండు వార్డుల సరిహద్దులో ఉంది. మెంబర్లవి చెరో పార్టీ. శిలాఫలకం మీద పై పేరు ఎవరిదన్న గొడవ తేలక, తాళంచెవి మెజెస్టిక్ దగ్గర పెద్దాఫీసుకు చేరింది. మెంబర్లిద్దరూ సంతకాలు పెట్టి అడిగితే ఇస్తామన్నారు. ఆ అర్జీ కన్నడంలో నేనే రాశాను. మూడు కాగితాలు పాడయ్యాక నాలుగోది కుదిరింది.

మెంబర్లిద్దరూ చిన్నవాళ్ళే. శోభకు ఇరవై ఆరు, మంజునాథ్‌కు ముప్పై నిండలేదు. హాలు తెరిపించాలని ఇద్దరికీ ఉంది. కానీ, ‘పై సంతకం మనదైతేనే పెట్టు’ అని రెండు పార్టీల పెద్దలూ గట్టిగా చెప్పారట. అందుకే వాళ్ళ కంటపడకుండా బస్‌స్టాపులో సంతకాలు చేద్దామనుకున్నారు. తీరా మేం చేరేసరికే బస్సు వచ్చేసింది. పదకొండు దాటితే ఆఫీసరు దొరకడు. శోభా నేనూ ముందు ఎక్కాం, మంజు వెనక ఎక్కాడు. మధ్యలో కాలు పెట్టే సందు లేదు.

మడివాళలో బస్సు ఆగిపోయింది. శోభ తన బ్యాగు మీద అర్జీ పరిచి, పై గీత మంజుకు వదిలి, కింది గీత మీద సంతకం చేసింది. వెనకనున్న కండక్టరుకు చిల్లర పంపినట్టే అర్జీని పక్కామె చేతికిచ్చింది.

“నలిగిపోతాదమ్మా!” అన్నాను.

“నలిగితే ఇస్త్రీ చేద్దాంలే, నాగమ్మక్కా.”

కాగితం బయల్దేరింది. పట్టుకున్నవాళ్ళంతా చదివారు.

“హాలు కావాలంట. ఇన్నాళ్ళూ ఏం చేస్తా ఉండారప్పా ఈ మెంబర్లు?”

“ఒగ మెంబరు నీ ఎనకే ఉండాడు, అడుగు!”

బస్సంతా నవ్వింది. కాగితం తిరిగొచ్చాక చూస్తే, మంజు శోభ సంతకానికి కింద, అంచున ఇరికించి పెట్టాడు.

“ఏం మంజన్నా, పైన నీకని ఇడిస్తే?” శోభ అరిచింది.

“నేను పైన పెడితే మీవాళ్ళు నిన్ను బతకనిస్తారామ్మా?”

“మరి మీవాళ్ళు నిన్ను?”

“వాళ్ళ తిట్లు నాకు రోజూ టిఫినే!”

పై గీత ఖాళీగా ఉంటే ఆఫీసులో తిప్పి పంపుతారని కండక్టరు తేల్చాడు. మల్లెపూల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆమె, “రాసిందెవురు?” అంది. శోభ నన్ను చూపించింది.

“మరి రాసినామె సైను ఏదీ?”

నాకు తట్టనే లేదు. ఎవరో చూపించిన చోట వేలిముద్ర వేయడమే అంతవరకూ నాకు తెలిసిన పని. రాసినవాళ్ళు సంతకం పెట్టాలని ఎలా తెలుస్తుంది?

పెన్ను తీసుకున్నాను. అప్పుడే గ్రీన్ సిగ్నల్ పడింది. “డ్రైవరన్నా, ఒగ నిమిషం!” అని ఎవరో కేకేశారు. వెనక బండ్లన్నీ హారన్లు కొడుతుండగా, పై గీత మీద నా పేరు పూర్తిగా రాశాను. చివరి అక్షరం అయ్యాకే బస్సు కదిలింది.

పది నలభైకి ఆఫీసులో ఉన్నాం. ఆఫీసరు చదివి, “ఈ నాగమ్మ ఏ పార్టీ?” అన్నాడు.

“మా ఇద్దరికీ పైనుండే పార్టీ, సార్,” అన్నాడు మంజు.

ఆఫీసరు నవ్వుతూ తాళంచెవి తీసిచ్చాడు. ఎదురుగా ఉన్న నిలబడి తినే హోటల్లో ముగ్గురం రైస్‌బాత్ తిన్నాం. మెంబర్లిద్దరూ బై-టూ కాఫీ చెప్పి చెరో సగం తాగారు. ఎవరి గ్లాసులో ఎక్కువుందని అక్కడ మాత్రం పోట్లాడుకున్నారు.

రెండు గంటలకు తిరుగు బస్సు. అదీ కిక్కిరిసే ఉంది. మడివాళ దాటాక వెనకనుంచి మంజు కేక వినిపించింది: “అక్కా, తాళంచెవి నా జేబులోనే ఉండిపోయిండాది! స్టాపులో మావాళ్ళుంటారు. చూస్తే మా పార్టీదేనంటారు. పంపిస్తా ఉండా, పట్టుకో!”

తాళంచెవి మనుషుల తలల మీదుగా బయల్దేరింది. ఏ తాళానిదని అడగనివాళ్ళు లేరు. ఈ దారిలో నేను చాలాసార్లు తిరిగాను గానీ, బస్సెడు మంది నా పనిలో చెయ్యి వేసింది ఆ ఒక్కరోజే.

నాదాకా వచ్చేసరికి ఎంతమంది పట్టుకున్నారో, ఇనుప తాళంచెవి వెచ్చగా ఉంది. బొమ్మనహళ్ళిలో దిగి, హాలు తలుపు ముందు నిలబడేదాకా నేను పిడికిలి విప్పలేదు.