తువ్వాల చేయి

సిరోంచ దగ్గర ప్రాణహితలో పడవ నడిపే ఆయన, ఎవరు ఎక్కినా ముందు భుజం మీది తువ్వాలతో కూర్చునే బల్ల తుడిచేవాడు. తడి ఉన్నా లేకున్నా తుడిచేవాడు.

మా ఇంట్లో వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టించిన కొత్తలో ఒక మధ్యాహ్నం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నర్సింగు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పంపడానికి అదే ఆఖరి రోజు, అదీ ఐదింటి వరకే. నేను ల్యాప్‌టాప్ తెరిచిపెట్టి కుర్చీలు తెచ్చేలోగా, ఆయన తువ్వాలతో ల్యాప్‌టాప్‌ను నాలుగు వైపులా శుభ్రంగా తుడిచాడు.

అప్పటిదాకా ఉన్న నెట్ పోయింది. రూటర్ దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. దాన్ని ఆపి మళ్లీ పెట్టాను. ల్యాప్‌టాప్‌నూ రెండుసార్లు ఆపి చూశాను. తెర మూలన ఎర్ర గుర్తు కదల్లేదు. నాలుగున్నర దాటింది.

“జర సూడుండ్రి సార్. బిడ్డకు ఏడాదంత ఖరాబైతది,” అన్నాడు, పొడి తువ్వాలనే పిండుతూ.

“బాపూ, నువ్వు తుడిచినప్పటి సంది గిట్లనే ఉన్నది,” అంది కూతురు ఏడుపు గొంతుతో.

“తుడిస్తే ఖరాబైతదానే? దుమ్ముండె గదా!”

ఆ మాట విని ల్యాప్‌టాప్ ముందు అంచు తడిమాను. వైర్‌లెస్‌ను ఆపే చిన్న మీట అక్కడ ఉంది. తువ్వాల తగిలి పక్కకు జరిగింది. వెనక్కి తోస్తే నీలం దీపం వెలిగింది. ఐదుకు నాలుగు నిమిషాల ముందు దరఖాస్తు వెళ్లింది.

వారం తర్వాత పడవెక్కి, ల్యాప్‌టాప్ సంచి బల్ల మీద పెట్టాను. ఆయన అలవాటుగా తువ్వాల తీశాడు. సంచి చుట్టూ జానెడు వదిలి, మిగతా బల్లంతా తుడిచాడు.