గోల్‌కీపర్ పిల్ల తిన్న బీరకాయ కూర

ఆ పూట నేను నోరు మూసుకుని ఎంతసేపు నిలబడ్డానో ఇప్పటికీ తెలియదు. రెండు నిమిషాలేనని ఒక్కోసారి సర్దిచెప్పుకుంటాను. ఐదు కూడా అయ్యుండొచ్చు. ఒక పిల్లకి ఊపిరాడనప్పుడు రెండేమిటి, ఐదేమిటి. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. రాయడం వచ్చింది కనుక రాస్తున్నాను.

మాది జాలరిపేట. వయసులో ఉన్నన్నాళ్లూ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మాను. మోకాళ్లు పాడయ్యాక, రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, ఒక ఆటల హాస్టల్లో వంటకి కుదిరాను. చదువు రాదని అక్కడ చెప్పలేదు. అంతకు ముందెప్పుడో మా పేటలో పెద్దవాళ్ల బడి పెడితే నాలుగు రోజులు వెళ్లి, సంతకం నేర్చుకుని మానేశాను. సంతకం పెట్టేవాళ్లకి చదువు కూడా వచ్చనుకుంటారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

ఒక ఏడాది పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలకి ఫుట్‌బాల్ పోటీలు మా ఊళ్లో జరిగాయి. చుట్టుపక్కల దేశాల జట్లు నాలుగే వచ్చాయి. నేపాలు జట్టు మా హాస్టల్లో దిగింది. వాళ్లెవరూ అంతకు ముందు సముద్రం చూడలేదట. వచ్చిన సాయంత్రమే రుషికొండ తీరానికి తీసుకెళితే బూట్ల నిండా ఇసకతో తిరిగొచ్చారు. మెస్సంతా ఇసకే, ఊడ్చలేక చచ్చాం. అందులో గోల్‌కీపర్ పిల్ల ఒకతి, సన్నగా, పొడుగ్గా ఉండేది. అన్నానికి వచ్చినా చేతి గ్లవుజులు చంకలో పెట్టుకునే వచ్చేది. వంటింటి కిటికీలోంచి కంచం చాపి "దీదీ" అనేది. నాకు హిందీ రాదు గానీ ఆ మాట తెలుసు. మనవలున్న నన్ను పట్టుకుని అక్కా అంటుంటే బాగుండేది.

రెండో రోజు పొద్దున్న వార్డెనమ్మ వంటింటి గోడకి ఒక కాగితం అంటించింది. తెలుగులోనే రాసింది.

"చూశారు కదమ్మా?" అంది.

"చూశానండి" అన్నాను. చూసిన మాట నిజమే.

ఆవిడ వెళ్లాక, నాకు వంటలో సాయం చేసే ఆమె కాగితం ముందు నిలబడి పైకి చదవడం మొదలెట్టింది. ఆమె నాకన్నా చాలా చిన్నది. ఏడో తరగతి దాకా చదువుకుంది, ఆదివారం చర్చిలో బైబిలు చదివేది కూడా ఆమే. నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేది.

"అప్పా, ఆ గోల్‌కీపర్ పిల్లకి రొయ్యలు పడవంట. తింటే మొకం వాసిపోద్దంట."

"రొయ్యలు పడకపోడమేటే! మా ఇంట పుట్టుంటే ఏటి తిని బతికేదది?"

"మీ ఇంట పుట్టుంటే గోలు కాడ కాదు, గంప కాడ కూకోబెడుదువు."

"సాల్లే నీ ఎకసెక్కాలు. రొయ్యలు ఎయ్యొద్దు, అంతే కదా. ఉల్లిపాయలు కొయ్యి."

"ఇంకా రాసుందప్పా..."

"రాత్తే రాసింది. అక్కడ ఎసరు మరిగిపోతంది, సూడు."

ఆమె ఉల్లిపాయల దగ్గరికి వెళ్లింది.

మర్నాడు సాయంత్రం వాళ్లకి సెమీఫైనల్. పదకొండింటికే పిల్లలకి అన్నం పెట్టెయ్యమన్నారు. వంజరం చేప వేపుడు, పప్పు, బీరకాయ కూర చేశాను. కూర దింపేముందు నా చెయ్యి అలవాటుగా రొయ్యపొట్టు డబ్బాలోకి వెళ్లింది. రొయ్యపొట్టంటే గోరంత కూడా ఉండని సన్న రొయ్యల్ని ఎండబెట్టినది. వేయించి, నలిపి డబ్బాలో పోసుకుంటాం. బీరకాయలోనో ఆనపకాయలోనో అది గుప్పెడు పడకపోతే మా పేటలో కూరకింద లెక్క కాదు. నీసు ముట్టని పిల్లలకి వేరే గిన్నెలో వండేదాన్ని, అందులో వేసేదాన్ని కాదు. మిగతా అందరికీ వేసేదాన్ని. రొయ్యలంటే నా లెక్కలో ఐసులో పెట్టి ఓడలకెక్కించే సరుకు. పొట్టు, ఉప్పూ కారంలాంటిది. ఆ రెండూ ఒకటేనన్న ఊహ నా బుర్రకి రానేలేదు.

గోల్‌కీపర్ పిల్ల కంచం చాపింది. చేప ముక్క ఒకటి వేసి, బీరకాయ కూర రెండు గరిటెలు వేశాను. రొయ్యలు లేనిది కదా, కడుపునిండా తిననీ అని.

గిన్నెలు సర్దుతుంటే బల్ల దగ్గర దగ్గు వినిపించింది. తల తిప్పి చూశాను. ఆ పిల్ల గొంతు పట్టుకుని లేచి నిలబడింది. పక్క పిల్లలు మొదట నవ్వారు. తరవాత నవ్వు ఆపేశారు.

"ముల్లు ఇరుక్కుంది!" అని నా సాయమామె పరుగెత్తింది. మా దగ్గర ముల్లు ఇరుక్కుంటే ఉత్త అన్నం ముద్ద చేసి, నమలకుండా మింగిస్తారు. ఆమె ముద్ద చేసి పిల్ల నోట్లో పెట్టబోయింది. "మింగమ్మా, మింగు, దిగిపోద్ది" అంటోంది. వాళ్ల కోచ్ వీపు మీద చరుస్తోంది. ముద్ద లోపలికి వెళ్లలేదు, బయటికి పడింది.

అప్పుడు పిల్ల మొహం నా వైపు తిరిగింది. పెదాలు లావెక్కుతున్నాయి. కంటి రెప్పలు ఉబ్బుతున్నాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు.

మొకం వాసిపోద్దంట. ఆ మాట నా చెవిలో పడ్డట్టే అనిపించింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రొయ్యపొట్టు వాసన.

వార్డెనమ్మ వచ్చింది. "ఏం వేశారమ్మా? రొయ్యలు గానీ వేశారా?"

"రొయ్యలు ఎయ్యలేదండి" అన్నాను.

అబద్ధం కాదు. అది అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకుంటూ నిలబడ్డాను. పనిలోంచి తీసేస్తారు. పోలీసులు వస్తారు. ఇంకో దేశం పిల్ల. అటు ఆమె రెండో ముద్ద చేస్తోంది. ఇంకొంచెం పెద్దది చేసింది. పిల్ల వద్దని చెయ్యి అడ్డం పెడుతుంటే కోచ్ ఆ చెయ్యి పట్టుకుంది.

ఈల చప్పుడు సన్నబడింది. తగ్గిందనుకుని ఎవరో "హమ్మయ్య" అన్నారు. తగ్గలేదు. గాలే వెళ్లడం లేదు.

"ముల్లు కాదు!" అని అరిచాను. "ముద్ద పెట్టకండి, సచ్చిపోద్ది! కూరలో రొయ్యపొట్టేసినాను. నానే ఏసినాను."

వార్డెనమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. పిల్లని ఎత్తుకుని వ్యానులో సీతమ్మధార తీసుకుపోయారు. అక్కడొక డాక్టరు ఉండేవాడు.

ఆ తరవాత మెస్సులో నేనూ, నా సాయమామే మిగిలాం. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటోంది. నాకు ఏ దేవుణ్ణి పిలవాలో తోచలేదు. నేను చేసిన పని ఒకటే. గోడ మీది కాగితం పీకి రవికలో దాచుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పగలను: భయం. ఎవరైనా దాన్ని చూపించి నన్ను అడుగుతారని. బల్ల మీద గ్లవుజులు ఉండిపోయాయి. ఒకదాంట్లో అన్నం మెతుకులు పడ్డాయి. వాటిని ఏరుతూ కూర్చున్నాను. వేటకెళ్లిన పడవ రాని రోజు రేవులో కూర్చోవడం నాకు తెలుసు. అప్పుడు తిట్టుకోవడానికి గాలి ఉండేది. ఇక్కడ నా చెయ్యే ఉంది.

మూడు దాటాక వ్యాను వచ్చింది. పిల్ల తన కాళ్ల మీద దిగింది. కళ్లు ఇంకా సగమే తెరుచుకుంటున్నాయి. సూది మందు పని చేసిందట, ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేనన్నాడట డాక్టరు. ఆట మాత్రం ఆడకూడదన్నాడు. సాయంత్రం వేరే పిల్లని గోలులో నిలబెట్టి ఓడిపోయారు. గ్రౌండు లోంచి జనం కేకలు వంటింట్లోకి వినపడుతూనే ఉన్నాయి.

నన్ను తీసెయ్యలేదు. "మీరు వెంటనే చెప్పబట్టి సరిపోయిందమ్మా" అంది వార్డెనమ్మ. వెంటనే అంది. నేను సరిదిద్దలేదు.

మర్నాడు ఆ పిల్ల కిటికీ దగ్గరికి వచ్చింది. దీదీ అనలేదు. కూర వైపు వేలు చూపించి, నా మొహంలోకి చూసింది. లేదని తల అడ్డంగా ఊపాను. నిజంగానే లేదు, డబ్బా ఇంటికి పంపేశాను. కూర వేసిచ్చిన కంచం ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మెల్లగా కిటికీలో తిరిగి పెట్టేసి, రెండు అరటిపళ్లు పట్టుకుని వెళ్లిపోయింది.

తరవాత రెండేళ్లు, మధ్యాహ్నాలు, నా సాయమామె నాకు అక్షరాలు నేర్పింది. పాత కాలెండరు వెనక రాయించేది. "ముసల్దానివైనాక ఇదేటి పిచ్చప్పా నీకు" అని ఏడిపించేది. ఆ కాగితం నా పెట్టెలో ఉందని ఆమెకి చెప్పలేదు. కూడబలుక్కుని చదవడం వచ్చిన రోజు తలుపేసుకుని తీశాను. మడతల దగ్గర చిరిగింది, నూనె మరకలు. మొదటి వరసలో రొయ్యలు అని ఉంది. రెండో వరస చదవడానికి చాలాసేపు పట్టింది. ఎండు రొయ్యలైనా, పొడైనా, ఆ గరిటె తగిలినా ప్రమాదం అని ఉంది.

ఆ వరస ఆమె చదవబోయింది. చదువుతుంటే వినాల్సి వస్తుందని, వింటే నాకు చదువు రాదని తెలిసిపోతుందని, ఉల్లిపాయలు కొయ్యమన్నది నేనే.