గుండీల డబ్బా

ఆ చుట్టుపక్కల వీధుల్లో ఆవిడకు ‘డబ్బాల మేడం’ అని పేరు పడిపోయింది. ఆసుపత్రి తరఫున ఇళ్లకు వెళ్లి, గడప దాటలేని ముసలమ్మల మందులన్నీ మంచం మీద పోయించి, అక్కర్లేనివి ఏరిపారేసి, మిగతావి వారానికి సరిపడా ఏడు అరల డబ్బాలో సర్దిపెట్టడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. గడువు దాటిన సీసా ఒక్కటి కనబడితే చాలు, ఇంటిల్లిపాదికీ క్లాసు పీకేది. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, అదే వచ్చిన చిక్కు.

నెల కిందట మూడో అంతస్తులో ఉండే టైలరమ్మ ఇంటికి వెళ్లింది. నలభై ఏళ్లు మిషను తొక్కి, ఇప్పుడు పిట్టంత అయిపోయిన మనిషి. బీపీ తగ్గడం లేదని డాక్టరు ఏడాదిలో మూడుసార్లు మందు పెంచాడు. మేడం ఖాళీ మాత్రల షీట్లు లెక్కపెట్టింది. ఒక్క మాత్ర కూడా తేడా లేదు. టైలరమ్మ మాత్రం గుండీల డబ్బా ఒళ్లో పెట్టుకుని, మూత మీంచి చెయ్యి తియ్యకుండా కూర్చుంది.

“అన్నీ వేసుకుంటున్నారా పెద్దమ్మా?”

“ఆ, వేసుకోక చస్తానా తల్లీ.”

మేడం ఆ డబ్బా వంక చూసింది. అడుగుదామనుకుంది. కింద ఇంకా మూడిళ్లు మిగిలున్నాయని గుర్తొచ్చి ఊరుకుంది. పోతూ పోతూ టైలరమ్మ కోడలికి మాత్రం గట్టిగా చెప్పింది.

“ఎందుకైనా మంచిది, మాత్రలు ఆవిడ చేతికివ్వకమ్మా. నువ్వే నోట్లో వేసి, మింగేదాకా పక్కనే నిలబడు.”

ఆరో రోజు పొద్దున టైలరమ్మ బాత్రూం గుమ్మంలో కళ్లు తిరిగి పడింది. తుంటి విరిగింది.

ఆపరేషనై ఇంటికి తెచ్చారని తెలిసి మేడం మళ్లీ మెట్లెక్కింది. కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అత్తయ్యను సరిగ్గా చూసుకోలేదని మా ఆయన నాతో మాటలు మానేశారు మేడం. మీరు చెప్పినట్టే చేశాను. ఒక్క పూట కూడా వదల్లేదు.”

అంటూనే, అత్తగారి నైటీకి ఊడిన గుండీ కుడదామని ఆ డబ్బా మూత తీసింది. తెల్ల గుండీల మధ్య తెల్ల మాత్రలు, గుప్పెళ్లకొద్దీ.

మేడం గుప్పెడు మాత్రలు అరచేతిలో పోసుకుని చూసింది, అన్నీ బీపీవే. మింగలేదు కాబట్టే బీపీ తగ్గలేదు. తగ్గలేదనే డాక్టరు పెంచుకుంటూ పోయాడు. అంత మందునూ ఒక్కసారిగా, దగ్గరుండి మరీ మింగించింది ఎవరు? కోడలు కాదు.

“ఎందుకిలా చేశారు పెద్దమ్మా?”

“వేసుకుంటే లేవగానే కళ్లు తిరిగేవమ్మా. డాక్టరుతో చెబితే వయసన్నాడు. షీట్లో మిగిలితే నా కొడుకు ఈ కోడలుపిల్లను తిడతాడు. అందుకే తీసి ఇందులో వేసేదాన్ని.” టైలరమ్మ మేడం వైపు తల తిప్పింది. “ఆ రోజు నువ్వు చూశావుగా. మూత తియ్యమంటావనే అనుకున్నా.”

అబ్బ, ఆ మాట! ఆవిడ చాచి లెంపకాయ కొట్టినా మేడం ఇంత విలవిల్లాడేది కాదు.

మేడం ఆసుపత్రి చీటీ తీసి చూసింది. మందుల జాబితా పాతదే, మక్కికి మక్కి. ఎముక అతికించినవాళ్లు ఆ జోలికే పోలేదు. ఎందుకు పోతారు, ఆ పాత జాబితా అడుగున ‘సరిచూశాను’ అని మేడం సంతకం ఉంటే! నోరు మూసుకుంటే ఇరవై రెండేళ్ల పరువు దక్కుతుంది. టైలరమ్మ మళ్లీ పడుతుంది, ఈసారి లేవదు.

కోడలి ఎదురుగానే డాక్టరుకు ఫోను చేసింది. “తప్పు నాదండీ,” అని మొదలుపెట్టి అంతా చెప్పింది. ఆయన విసుక్కున్నాడు, ఆనక రెండు మందులు ఆపేసి మూడోది సగం చెయ్యమన్నాడు.

“మీ ఆయనొచ్చేదాకా ఇక్కడే ఉంటాను. ఆయనకూ నేనే చెబుతాను,” అంది మేడం. కోడలు గోడవైపు తిరిగి ఏడ్చేసింది.

టైలరమ్మ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మేడం గ్లాసుతో నీళ్లు తెచ్చి మంచం మీదికి వంగింది. గ్లాసు కనబడగానే ఆవిడ మారుమాట లేకుండా కళ్లు మూసుకుని, నోరు తెరిచి, మాత్ర కోసం నాలుక చాపింది.

“మందు కాదు పెద్దమ్మా,” అంది మేడం. “మంచినీళ్లే.”

అయినా ఆవిడ నాలుక లోపలికి తీసుకోలేదు.