పత్తి సంఘానికి పాత నక్షా

నేను గుమాస్తాగా చేసిన ఆదిలాబాద్ జిన్నింగు మిల్లు మూతపడింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆ ఆవరణలోనే రైతుల సహకార సంఘం పత్తి కొనడం మొదలుపెట్టి, నన్ను మళ్లీ పనిలోకి తీసుకుంది. బండి లోపలికి వచ్చింది మొదలు బయటికి పోయేదాకా ఏ పని తర్వాత ఏ పని జరగాలో నక్షా గీయమన్నాడు సంఘం అధ్యక్షుడు. పాత మిల్లు నక్షా కూడా తనే తెచ్చి బల్ల మీద పరిచాడు.

అది నాకు బాగా తెలుసు. ముందు తూకం, తర్వాత పత్తి దించడం, ఆఖరున పక్కకు తీసిన పిడికెడు పత్తి చూసి ధర చెప్పడం. అప్పటికి రైతు సరుకు కుప్పలో కలిసిపోయి ఉంటుంది.

"పటేల్ సాబ్, ధర ముందుగాల చెబుదాం. ఇష్టమున్నోళ్లే దించుతరు," అన్నాను అధ్యక్షుడితో.

"ఏండ్లకేండ్లు నడిచిన నక్షా అది. మిల్లు షావుకారుకు పనికొచ్చింది, మనకు రాదా? పేరు మార్చి గదే గియ్యి."

ఇంటిల్లిపాదీ నా జీతం మీదే ఉన్నారు. గీసిచ్చాను.

మొదటి వారపు అంగడి రోజే మా అన్న బండి కట్టుకొని వచ్చాడు. పత్తి దించాక ఆఖరి బల్ల దగ్గర "రెండో రకం" అన్నారు.

"తమ్మీ, గిది రెండో రకమా? జర చేతుల పట్టి చూడు."

తెల్లగా, పొడుగు పోగుతో ఉంది.

"మంచిగనే ఉన్నదన్నా. రకం చెప్పేది నేను కాదు."

"అయితే నా పత్తి నాకియ్యి. ఇంటికి కొంచబోత."

దాని మీద అప్పటికే వేరేవాళ్ల పత్తి పడింది. వెనక బండ్లవాళ్లు తోవ విడవమని అరుస్తున్నారు. రెండు గోడల నడుమ బండి మలుపుకునే చోటైనా లేదు. వాళ్లిచ్చిన డబ్బు తీసుకొని, అన్న ఎడ్లను అదిలించి అవతలి దర్వాజలోంచి వెళ్లిపోయాడు.

తర్వాతి అంగడి రోజు హమాలీలతో ధర చెప్పే బల్లను ముందు దర్వాజ దగ్గర వేయించాను. ధర నచ్చనివాళ్లు బయటి నుంచే బండి తిప్పుకొని పోయారు. మధ్యాహ్నం అధ్యక్షుడు వచ్చి చూశాడు. తిట్టలేదు. బల్లను మళ్లీ లోపల వేయించి, "ఖానాపూర్‌ల గూడ సంఘం పెడుతున్నరు. వాళ్లకూ నువ్వే గియ్యాలె. పాతదే," అన్నాడు.

ఖానాపూర్‌కు గీశాను. తర్వాత ఆసిఫాబాద్‌కు. అప్పటికి పాతది ముందు పెట్టుకునే అవసరం కూడా లేకపోయింది.

అన్న మరుసటి ఏడు పత్తి మాని జొన్న వేశాడు. వాళ్లింటికి పోతే ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకొని బువ్వ పెట్టించేవాడు. సంఘం మాట మాత్రం ఎత్తేవాడు కాదు. నాకూ ఎత్తడం చేతకాలేదు.