ఇనుము పట్టిన వేళ్లు

టైలరమ్మకు ఆ టానిక్ మూత తీస్తేనే డోకొచ్చేది. తుప్పు మేకు చప్పరించినట్టుండేది. నీరసంగా ఉందని ఒకసారి నోరు జారిన పాపానికి, మందుల షాపు నడిపే అన్నయ్య ఏళ్ల తరబడి సీసాలు పంపుతూనే ఉన్నాడు.

"నీకు రక్తం లేదే. మాట్లాడకుండా తాగు," అనేవాడు.

నీరసం పోలేదు సరికదా, కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదళ్లలో కణుపులు బుడిపెల్లా వాచాయి. కత్తెర పడితే ప్రాణం జివ్వుమనేది. ఒకావిడ గౌను గుడ్డ వంకరగా తెగి, నానా మాటలూ పడ్డాక ఆస్పత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ ఆ చేతిని తిప్పి తిప్పి చూసి రక్తపరీక్ష రాసింది. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ అంకె ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు తేలింది. జన్యు పరీక్షతో జబ్బు ఖాయమైంది.

"ఇది అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చిన జబ్బు. తిన్న తిండిలో ఇనుమంతా ఒళ్లు దాచుకుంటోంది. టానిక్ ఏమైనా తాగుతున్నారా?"

టైలరమ్మ సీసా పేరు చెప్పింది. డాక్టరమ్మ మొహం చిట్లించింది. "అది ఇనుమేనమ్మా! ఆపేయండి. ఒంట్లో ఇనుము దిగాలంటే ఇక రక్తం తీస్తూ ఉండాలి."

"తీస్తే వేళ్లు బాగవుతాయా?"

"అంకె దిగుతుంది. కీళ్ల సంగతి చెప్పలేను. కీలు ఎంత అరుగుతోందో రక్తంలోనే పట్టిచ్చే గుర్తుల కోసం పరిశోధకులు ఇంకా వెతుకుతున్నారు. మీ తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి."

ఇంట్లో మిగిలిన సీసాలన్నీ షాపుకు మోసుకెళ్లి, అన్నయ్య ముందే మోరీలో పారబోసింది. నల్లటి జిగట జారుతూ పోయింది.

"పిచ్చి పట్టిందా?" అంటూ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ చేతిని ఒడిసి పట్టుకుంది. అవే రెండు కణుపులు, అదే వాపు.

"ఇదెప్పట్నుంచి?"

"వయసమ్మా," అని లాక్కోబోయాడు.

"ఛీ! మందులమ్మేవాడివి, నీ చెయ్యి నువ్వు చూసుకోలేదా?"

మర్నాడు అతనూ రక్తపరీక్ష చేయించుకున్నాడు. అతని అంకె చెల్లెలిదాన్ని మించింది.

ఇప్పుడు ఇద్దరూ పక్కపక్క మంచాల మీద రక్తం తీయించుకుంటారు. చిక్కటి రక్తం గొట్టంలో పాకుతుంటే అన్నయ్య గోడవైపు తిరిగిపోతాడు. టైలరమ్మ అంకె దిగింది, నీరసం తగ్గింది. కణుపులు మాత్రం అలాగే ఉన్నాయి. ఎడంచేత్తో కత్తిరించడం నేర్చుకుంటోంది. మొదటి గుడ్డలు ఎంత అసహ్యంగా తెగాయో చూసి తనమీద తనకే రోత పుట్టింది. అయినా మానలేదు.

"ఇంకా ఎంతసేపే?" అని అడిగాడతను కళ్లు మూసుకునే.

"కళ్లు తెరిచి నువ్వే చూసుకో," అంది.