పెట్టె కింద తెల్ల తువ్వాలు

మొన్న పొద్దున ఆత్మకూరు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా ఎదురింటి గుమాస్తా పోయాడన్నారు. నా చేతిలో చెక్క గరిటె, ఉప్పుకాగితం ఉన్నాయి. ఏం చేయాలో తోచక ఆ గరిటెనే రుద్దుతూ కూర్చున్నాను. కాడ అరిగి పుల్లయిపోయింది.

ఆయన మద్రాసు హార్బరులో సరుకు కాగితాలు రాసి, రిటైరయ్యాక ఉదయగిరి వచ్చేశాడు. మా ఆడవాళ్లు పదిమంది చెక్కే గరిటెలు, స్పూన్లు బయటి దేశం పోతున్నాయంటే ఆయన చలవే. నేను రెండో తరగతితో ఆపేసినదాన్ని. భయం మాత్రం ఎక్కువ.

"తమ్ముడా, ఓడ మునిగితే నష్టం ఎవరికి?" అని పెట్టె పోయినప్పుడల్లా అడిగేదాన్ని.

"ఓడెక్కిందాకా సరుకు మనది, ఎక్కినాక కొన్నోళ్లది. ఒప్పందం అట్టనే రాసుకున్నాం కదక్కా."

"ఎక్కించేటప్పుడు సగంలో జారితే?"

"నువ్వు బొయ్యి కింద పట్టుకో."

ఆ సగం సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. మీకెవరికైనా తెలుసేమో.

మొదటి పెట్టె నాడు నేనొక పని చేశాను. కందిపప్పులో వేసినట్టే, పురుగు పట్టకుండా స్పూన్ల కింద ఎండు వేపాకు పరిచాను. ఎవరికీ చెప్పలేదు. టేపు వేసే ముందు ఆయన స్పూన్లన్నీ బయటికి తీసి, నేలమీద తన తెల్ల తువ్వాలు పరిచి, అట్టపెట్టె బోర్లించాడు. ఆకులు జలజలా రాలాయి.

"ఇదేందక్కా?"

"పురుక్కి మందు."

"సరుకు దిగే దేశపోళ్లు ఆకునే పురుగంటారు. రేవులోనే పెట్టంతా కాల్చేస్తారు."

"చెట్టు నరికి చేసిన స్పూను పోవచ్చంట, ఆకు పోగూడదంటనా? ఇదేం రూలు?"

"చెక్కను ఆఫీసరు చూసి, పురుగు లేదని కాగితం ఇచ్చినాడు. ఆకుకు ఎవరిచ్చినారు?"

నాకు అర్థం కాలేదు, కానీ తల ఊపాను. ఆయన ఆకులు మూటగట్టి, "మా ఇంట్లో బియ్యానికి పనికొస్తాయిలే" అని పట్టుకుపోయాడు. మిగతా ఆడవాళ్లకు ఆ మాట ఏనాడూ చెప్పలేదు. అప్పటి నుంచి ప్రతి పెట్టెనూ అలాగే బోర్లించి చూసేవాడు.

రేపు ఇంకో పెట్టె పోవాలి. కాగితాలు ఆసుపత్రికి పోయే ముందే రాసిపెట్టాడు. అందులో ఏది దేనికో నాకు తెలియదు. పెట్టె తిరిగొస్తే మళ్లీ ఎవరూ అడగరు, పదిమంది చేతిలో పని పోతుంది.

ఆయన భార్యను అడిగి ఆ తువ్వాలు తెచ్చుకున్నాను. పరిచి, స్పూన్లన్నీ బయటికి తీసి, పెట్టె బోర్లించాను. పొట్టు కూడా రాలలేదు. నమ్మకం చాలక మళ్లీ బోర్లించాను. తువ్వాలు తెల్లగానే ఉంది. మడవబోతే అంచు కుట్టులో పాత వేపాకు తునక ఒకటి ఇరుక్కుని కనిపించింది. తీయాలో ఉంచాలో తెలియక దాన్నే చూస్తున్నాను.