గులాబీ వాసన

ఏ.ఎస్. రావు నగర్‌లోని మా చిన్న ల్యాబ్‌లో పెద్ద మేడమ్ రోజూ ఒక గాజు ఫ్లాస్కు తెచ్చి మా ముక్కుల ముందు పెట్టేవారు. "వాసనొస్తుందా?" అని అడిగేవారు. కరోనా వచ్చిపోయినప్పటి నుంచి ఆవిడకు ఏ వాసనా తెలియదు.

మేం పిండిని పులియబెట్టే ఈస్టు జన్యువులు మార్చి, దానికి చెరకు మడ్డి తినిపించి, గులాబీ పరిమళం చేయించాలని చూస్తుండేవాళ్లం. అది కుదిరితే సెంట్లకు పెట్రోలియం నుంచి తీసే రసాయనం అక్కర్లేదు. కానీ ఏళ్లు గడిచినా ఫ్లాస్కులోంచి పులిసిన పిండి వాసనే వచ్చేది. మేం తల అడ్డంగా ఊపితే మేడమ్ కోప్పడేవారు కాదు. "మల్ల షురూ చేద్దాం తియ్" అంటూ కుర్చీలో కూలబడేవారు.

ప్రాజెక్టు ఆపేస్తామని పైనుంచి కబురొచ్చిన వారంలో, ఒక పొద్దున ఫ్లాస్కు మూత తీయగానే నేను ఉలిక్కిపడ్డాను.

"మేడమ్, గులాబీ!"

"వాసన పరీక్షించే మెషీన్ సుత గదే చెప్పింది. రిపోర్టు నిన్ననే పైకి పంపిన. నాకే నమ్మబుద్ధి కాలే."

ఆవిడ ఫ్లాస్కును ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి, కింద పెట్టేశారు.

"నాకేం తెలుస్తలేదమ్మా. ఎట్లుందో జెర చెప్పు."

"నీళ్లు చల్లిన పూలబుట్ట మీది తడిగుడ్డ తీసినట్టుంది మేడమ్."

కళ్లు మూసుకుని "ఇంకా?" అన్నారు. పెళ్లిళ్లలో చల్లే పన్నీరు గురించి, మా మేనత్త జడలోని పువ్వు గురించి చెప్పాను. రాత్రంతా నిద్ర పట్టలేదేమో, చెబుతుండగానే ఆవిడ టేబుల్ మీద తల వాల్చి నిద్రపోయారు.

ప్రాజెక్టును ఇంకో ఏడాది నడపమని మధ్యాహ్నం పైనుంచి ఫోనొచ్చింది. ఆ మాట చెప్పి ఆవిడను లేపడానికి మాలో ఎవరికీ మనసొప్పలేదు.